వాడు 60 అనుకుంటున్నాడు, ఉన్నవి 19

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు, వెయ్యడం లేదు.

ఆమెకి ఒక్కడే కొడుకు. నిరుడు తొలకరి వాన కురిసిన రాత్రి, వరండాలో ట్యూబ్‌లైటు కింద ఉసిళ్లతో పాటు ఒక పెద్ద నల్లచీమ కూడా పడింది. రెక్కలు రాల్చుకుని గోడ వారగా పరుగెడుతుంటే బాబు పట్టుకున్నాడు. గండుచీమల రాణి అది. టెస్ట్‌ట్యూబు అడుగున నీళ్లు పోసి, దూది కుక్కి, రాణిని లోపలికి వదిలి, మూతికి ఇంకో దూది పెట్టి, పైన ఎర్ర ప్లాస్టిక్ కాగితం చుట్టి తన బట్టల అరలో దాచాడు. రెండు నెలలు తిరిగేసరికి ఆరు చిన్న చీమలయ్యాయి. పదో తరగతి పరీక్షల ముందు రాత్రి కూడా నోటుబుక్కులో వాటి లెక్క రాసుకున్నాడట. ఈ జూన్‌లో విజయవాడ అవతల ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్‌కి చేర్చేనాటికి 41 ఉన్నాయి. టెస్ట్‌ట్యూబుని ప్లాస్టిక్ డబ్బాలో అమర్చి, మూతకి జాలీ అతికించి, "దసరాకి వస్తానమ్మా, చావనివ్వకు" అని అప్పజెప్పి వెళ్లాడు.

తక్కింది ఆమె మాటల్లోనే: "నాకు చీమంటేనే ఒళ్లు జలదరిస్తుంది. అయినా రోజూ లేవగానే కాగితం తీసి, ఫోన్ టార్చి వేసి చూస్తాను. స్పూనుతో తేనె పోస్తాను. జులై నుంచి చావడం మొదలైంది. పొద్దున్నే చూస్తే రెండో మూడో వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటూ ఉంటాయి. ఓ మూల చెత్త పేరుకుంది, శవాలన్నీ అక్కడే. బియ్యపు గింజల్లాంటివి చివర నల్లగా కుళ్లి కనిపిస్తే ఇయర్‌బడ్‌తో ఎనిమిదింటిని తీసి పారేశాను. గుడ్లయితే అసలు లేవు. ఆదివారం హాస్టల్ నుంచి ఫోను వస్తుంది, పది నిమిషాలే. వాడు ముందు అడిగేది 'ఎన్నున్నాయమ్మా?' అనే. మొదట 45 అన్నాను. తర్వాత 52. పోయిన ఆదివారం 60 అన్నాను. నిన్న లెక్కపెడితే 19."

భర్త మాట వేరు. డబ్బా తీసుకెళ్లి డాబా మీద పూలకుండీలో దులిపెయ్యమంటాడు. చదువు పాడవుతుంది కాబట్టి దసరా దాకా ఏమీ చెప్పొద్దంటాడు. ఈమెకి ఇంకో ఆలోచన వచ్చింది. వాళ్ల కాంపౌండులో వేపచెట్టు మొదట్లో అచ్చం ఇలాంటి చీమలే ఉన్నాయి. ఓ నలభై పట్టి డబ్బాలో వేస్తే వాడికి తెలుస్తుందా, అని అడిగారు.

అమ్మా,

మీ ఉత్తరం మూడో పేజీలో ఇంకో వాక్యం ఉంది. "ఆయన గురకకి నిద్ర పట్టక జూన్ నుంచి బాబు గదిలోనే పడుకుంటున్నాను, కింది వాటాలో డెంగీ వచ్చింది కాబట్టి దోమల మందు మిషన్ రాత్రంతా వేసి ఉంచుతున్నాను" అని. మాటవరసకి రాసి వదిలేశారు. నేను అక్కడే ఆగిపోయాను.

ప్లగ్గుకి పెట్టే ఆ సీసాల్లో సాధారణంగా ఉండేది పైరెత్రాయిడ్ జాతి మందు. పురుగు నరాల మీద పనిచేస్తుంది. నరంలో కబురు ఒకసారి బయల్దేరాక ఆగకుండా చేస్తుంది. దాంతో కాళ్లు వాటంతటవే కొట్టుకుంటాయి, నడక తడబడుతుంది, వెల్లకిలా పడతాయి. మీరు పొద్దున్నే చూస్తున్నది అచ్చంగా ఇదే. దోమని చంపే మందుకి చీమ వేరని తెలియదు. తలుపులు మూసిన గది, రాత్రంతా ఆవిరి, డబ్బా మూతకేమో జాలీ. ముసలితనంతో పోయే చీమ ఇలా గిలగిల్లాడదు, మందకొడిగా తిరిగి తిరిగి చెత్తకుప్ప దగ్గరే ఎక్కడో ఆగిపోతుంది. కాబట్టి నా అనుమానం తొంభై పాళ్లు మిషన్ మీదే.

మిగతా పది పాళ్లకి కారణం వయసు. రెక్కలు రాలిపోయాక వాటిని ఆడించిన కండలతో రాణికి పని ఉండదు. ఆ కండల్నీ, ఒంట్లో దాచుకున్న కొవ్వునీ కరిగించి, తను మెతుకు ముట్టకుండా మొదటి కాన్పు పిల్లల్ని పెంచుతుంది. అందుకే అవి పొట్టిగా, బలహీనంగా పుడతాయి, ముందుగా పోతాయి. మీ బాబు మొదట చూసిన ఆరింటికి ఏడాది దాటింది. అవి ఈపాటికి పోయుంటే అందులో ఎవరి తప్పూ లేదు. మూలనున్న చెత్తకుప్ప కూడా రోగం కాదు. శవాల్నీ తిని వదిలిన పిప్పినీ గూటికి దూరంగా ఒకచోట పోగెయ్యడం వాటి అలవాటు. మన పెరటి పెంటకుప్ప లాంటిదే.

ఇప్పుడు మీకు కష్టంగా ఉండే మాట ఒకటి చెప్పాలి. మీరు ఇయర్‌బడ్‌తో తీసేసినవి కుళ్లినవి కావు. గండుచీమ పిల్ల పురుగు దశ దాటేటప్పుడు తన చుట్టూ పట్టుదారం లాంటి పోగుతో గూడు అల్లుకుంటుంది. గోధుమ రంగు కలిసిన తెలుపు, బియ్యపు గింజంత, పెద్ద చీమదైతే ఇంకాస్త పొడుగు. జనం వాటినే చీమగుడ్లంటారు. అసలు గుడ్లు చాలా చిన్నవి, గసగసాల గింజ కంటే కొంచెం పెద్దవి. గూడు అల్లాక లోపలి పురుగు అన్నాళ్లూ కడుపులో దాచుకున్న మలాన్నంతా ఒక్కసారి ఒక చివరికి విసర్జిస్తుంది. అదే మీరు చూసిన నల్లచుక్క. ఆ చుక్క కనిపిస్తే లోపలి ప్రాణి సరైన దారిలో ఉందన్నమాట. నేను ఇంటర్ పిల్లలకి ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పాను. మొదటిసారి చూసినప్పుడు నేనూ బూజనే అనుకున్నాను. మీరు రాసిన ఎనిమిదింటిలో ఖాళీ గూళ్లు కూడా ఉండొచ్చు. చీమ బయటికొచ్చాక చినిగిన పొట్టు మిగులుతుంది, అది తేలిగ్గా పేలపు పొట్టులా ఉంటుంది. ఏవి ఎన్నో ఇప్పుడు తేలదు. ఇక ముందు మాత్రం నల్లచుక్క ఉన్నది ఏదీ తియ్యకండి.

వేపచెట్టు చీమల ఆలోచన చదివి నవ్వొచ్చింది, మన్నించండి. పని మాత్రం చెయ్యొద్దు. చూడ్డానికి ఒకే తీరున్నా అవి మీ చీమలకి శత్రువులు. చీమ ఒంటి మీద సన్నని మైనపు పూత ఉంటుంది. ఆ పూత వాసన గూటిగూటికీ మారుతుంది. మీసాలతో ఒకసారి తడిమితే ఇంటిదో పరాయిదో తెలిసిపోతుంది. నలభై వేస్తే మీ 19ని గంటలో నరికేస్తాయి, రాణినీ వదలవు. బాబు దసరాకి వచ్చి చూసేది చెత్తకుప్పే.

రాణి బతికే ఉందనీ, కాగితం తీస్తే పరుగెడుతోందనీ రాశారు. ఎంత మంచి కబురో మీకు తెలిసినట్టు లేదు. రాణి నిరుడు ఆ వాన రాత్రి గాల్లో జతకట్టి తెచ్చుకున్న వీర్యాన్ని జీవితాంతం దాచుకుని వాడుకుంటుంది. మళ్లీ మగచీమ అక్కర్లేదు. పనిచీమలు 19 మిగిలినా, తొమ్మిదే మిగిలినా, రాణి ఆరోగ్యంగా ఉంటే సంసారం మళ్లీ పెరుగుతుంది. అదే రాణి పోయి 60 చీమలు మిగిలుంటే నేను ఇంత పొడుగు జవాబు రాసేదాన్ని కాదు.

ఇక ఏం చేద్దామంటే, దారులు మూడున్నాయి.

మొదటిది, ఉంచుకోవడం. ఇలా అయితే ఈ రాత్రి నుంచే ఆ గదిలో మిషన్ ఆపాలి, కాయిలూ వెలిగించకూడదు. డెంగీ భయం ఉత్తది కాదు, కాబట్టి దోమతెర కట్టుకుని పడుకోండి, దోమల బ్యాటు దగ్గర పెట్టుకోండి. ఆ బ్యాటుతో ఇంకో లాభం ఉంది. మీ ఇంట్లో గుడ్డు కూడా తేరని రాశారు, మీరు బొద్దింకని చంపి వెయ్యలేరు. జూన్ నుంచి ఆ చీమలు ఉత్త తేనె మీదే ఉన్నాయి. తేనె పనిచీమలకి నడిచే ఓపికనిస్తుంది గానీ, పిల్ల పురుగు పెరగాలన్నా, రాణి గుడ్లు పెట్టాలన్నా మాంసకృత్తులు కావాలి. అవి లేనప్పుడు పెట్టిన గుడ్లనే తినేస్తాయి. మీకు గుడ్లు కనిపించకపోవడానికి ఇదొక కారణం. బ్యాటుకి తగిలి చచ్చిన దోమల మీద మందు ఉండదు. రెండు రోజులకోసారి మూడు నాలుగు దోమల్ని డబ్బాలో వెయ్యండి. మిషన్ పెట్టిన గదిలో చచ్చిన దోమని మాత్రం వెయ్యకండి. వాన పడ్డ రాత్రి లైటు కింద రాలే ఉసిళ్లు దొరికితే పండగే, ఒక్కటి చాలు. పాపమేమో అని సందేహించకండి, దోమని చంపింది ఎలాగూ మీ కోసమే.

తేనె స్పూనుతో పోస్తే చీమలు అందులో మునిగి చస్తాయి. ఒకపాలు తేనెకి మూడుపాళ్లు నీళ్లు కలిపి, అగ్గిపుల్ల తలంత బొట్టు ఒక ప్లాస్టిక్ ముక్క మీద పెట్టండి. వారానికి రెండుసార్లు. మర్నాడు తీసెయ్యండి, లేకపోతే ఈ తేమకి బూజు పడుతుంది. ఇక రోజూ కాగితం తీసి టార్చి వెయ్యడం. అది ఎంత ప్రేమతో చేస్తున్నా, వాటికి రోజూ ఇంటి పైకప్పు ఎగిరిపోయినట్టే ఉంటుంది. చూశారుగా, కాగితం తియ్యగానే పిల్లల్ని నోట కరుచుకుని అటూ ఇటూ పరుగెడతాయి. బెదిరిన గూట్లో కూడా గుడ్లు తినేస్తాయి. ఎర్ర వెలుగు వాటికి సరిగా కనబడదు కాబట్టే మీవాడు ఎర్ర కాగితం చుట్టాడు. కాగితం ఉండగానే బయటి నుంచి చూడొచ్చు. విప్పడం వారానికి ఒక్కసారి చాలు. దూది తడిగా ఉందో లేదో చూసుకుంటే అయిపోతుంది. ఎండ తగిలే చోట ఎప్పుడూ పెట్టకండి. నేనొకసారి మే నెలలో టెస్ట్‌ట్యూబుని కిటికీ గట్టు మీద మర్చిపోయి కాలేజీకి వెళ్లాను. వచ్చేసరికి గాజంతా ఆవిరి, రాణి ఉడికిపోయింది.

మంచం మీద రెండు కనిపిస్తే కేకపెట్టానన్నారు. చీమలు జారిపోయి పైకి ఎక్కలేకుండా డబ్బా పై అంచుకి లోపలి వైపున బాబు రాసిన పౌడరు పూత ఈ ముసురుకి రాలిపోయి ఉంటుంది. టాల్కం పౌడరుని సర్జికల్ స్పిరిట్‌తో పల్చగా కలిపి దూదితో రాయండి. అయితే చీమల్ని అటు జరిపి, కిటికీ తీసి, స్పిరిట్ వాసన పూర్తిగా పోయాకే వాటిని వెనక్కి పెట్టండి. అదీ వద్దనుకుంటే బెల్లం డబ్బాకి మనం చేసే ఏర్పాటే, నీళ్లు పోసిన పళ్లెం మధ్యలో డబ్బా. గండుచీమకి కొండి లేదు. కొరుకుతుంది, కాస్త మండుతుంది, అంతే. చీమల సుద్ద, చీమల మందు మాత్రం ఆ గది గడప దాటనివ్వకండి.

ఈ దారిలో ఒక చిక్కుంది, ముందే చెప్తున్నాను. ఇది ఇంటర్ రెండేళ్లతో తీరే పని కాదు. యూరప్‌లో ఒక తోటచీమ రాణి మనుషుల పెంపకంలో 28 ఏళ్లు దాటి బతికింది. మీ రాణి అన్నేళ్లు ఉంటుందని కాదు గానీ, వాడు ఇంజనీరింగ్‌కి వెళ్లాక కూడా డబ్బా మీ దగ్గరే ఉండొచ్చు. పైగా గండుచీమల గూడు బయటైతే వేలల్లోకి పోతుంది. టెస్ట్‌ట్యూబు ఇంకో ఏడాది కూడా చాలదు. ఇళ్ల గోడలకి వాడుతున్న ఆ తెల్లటి తేలిక ఇటుక లేదూ, ఏఏసీ బ్లాకు, దాని ముక్కలో గదులు తొలిచి పైన అద్దం బిగించి చీమలకి ఇల్లు కట్టేవాళ్లున్నారు. దసరా సెలవుల్లో తండ్రీ కొడుకులిద్దరూ కూర్చుని చేసే పని అది. మీవారికి చెప్పి చూడండి.

రెండోది, ఇచ్చెయ్యడం. మన దేశంలో చీమలు పెంచే పిల్లలూ పెద్దలూ ఉన్నారు, ఇంటర్నెట్‌లో వాళ్ల గుంపులున్నాయి. చేతికిచ్చి పంపగలిగితే నయం, కొరియర్లో వేస్తే దారిలోనే పోతాయి. మీకు బెంగ తీరుతుంది, చీమలూ బతుకుతాయి. కానీ వాటిని ఇచ్చే హక్కు మీకుందా అని ఒక్కసారి ఆలోచించండి. వాడు మీకు దాచిపెట్టమని ఇచ్చాడు. వాడిని అడిగి ఇస్తే సరే.

మూడోది మీవారు చెప్పింది. ఇవి మన నేల చీమలే కాబట్టి వదిలితే ఊరికేమీ నష్టం లేదు. నష్టం చీమలకే. 19 పనిచీమలతో రాణి పూలకుండీలో దిగితే, ఆ డాబా మీద ముందే కాపురమున్న చీమలు ఒక పూట కూడా ఉండనివ్వవు. వదలాల్సే వస్తే కుండీలో కాదు, వేరే చీమలు తిరగని చెట్టు మొదట్లో, నీడలో, సాయంత్రం పూట. అప్పటికీ బతికే ఆశ తక్కువే.

చీమల సంగతి ఇంతే. ఆదివారం ఫోను సంగతి ఇంకా మిగిలింది.

మీవారి మాటలో న్యాయం లేకపోలేదు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఒక్కడిగా పెరిగిన పిల్లాడు, కొత్త హాస్టలు, వారం వారం పరీక్ష, గోడ మీద ర్యాంకులు. మొదటి నెల ఏడ్చాడని మీరే రాశారు. ఇలాంటప్పుడు చెడుకబురు చెప్పడానికి ఏ తండ్రైనా వెనకాడతాడు. దసరా దాకా ఆగితే ఏమవుతుందో కూడా చూడండి. వాడు సంచి కింద పెట్టకుండానే ఆ గదిలోకి పోతాడు. మీరు నోరు తెరిచేలోపే లెక్కపెట్టేస్తాడు. వాడికి లెక్కలు రాసే అలవాటుంది, 45, 52, 60 నోటుబుక్కులో ఎక్కించుకునే ఉంటాడు. అప్పుడు వాడి బాధ 41లో 22 పోయినందుకు కాదు. అమ్మ చెప్పిన ఏ మాట నమ్మాలో తెలియనందుకు. "నాన్నకి బాగుంది, నాకు బాగుంది" అని మీరు ఫోనులో చెప్పేవి కూడా ఆ లెక్కలోకే పోతాయి.

ఇప్పుడే చెప్తే ఆ ఆదివారం పాడవుతుంది. ఒకటి రెండు రోజులు చదువు మీద మనసు నిలవకపోవచ్చు. కోప్పడితే కోప్పడనివ్వండి. కానీ వాడికి ఇంకా చేతిలో పని ఉంటుంది. రాణి బతికుంది, ఏం చెయ్యాలో నువ్వు చెప్పు అని అడగొచ్చు. దసరా నాటికి రాణి కూడా పోతే ఆ మాట కూడా ఉండదు.

నేనైతే చెప్పెయ్యమనే అంటాను. కాకపోతే పది నిమిషాల ఫోనులో, వెనక ఇంకో పదిమంది పిల్లలు వరసలో నిలబడి ఉండగా కాదు. మీరు నాకు రాసినట్టు వాడికే ఒక ఉత్తరం రాయండి. మీ ఉత్తరం ఎంత వివరంగా ఉందంటే, కాళ్లు కొట్టుకోవడం, నల్లచుక్క, మూలన కుప్ప, అన్నీ పూసగుచ్చినట్టు రాశారు. చీమంటే ఒళ్లు జలదరించే మనిషి రెండు నెలలు ఇంత దగ్గరగా చూసిందంటే వాడే ఆశ్చర్యపోతాడు. 60 ఎందుకు చెప్పారో కూడా రాయండి, సాకులు వద్దు, ఒక్క ముక్కలో. మిషన్ సంగతి చెప్పండి. మీరు వాడి గదిలో పడుకుంటున్న సంగతి కూడా. గురక వల్లే అని రాస్తారో, అసలు కారణం రాస్తారో మీ ఇష్టం.

మీవారు వద్దంటే ఆయన్ని కాదని చాటుగా పంపకండి, ఇప్పటికే ఇంట్లో ఒక చాటు మాట ఉంది. ఉత్తరం ముందు ఆయనకి చదివి వినిపించండి. అప్పటికీ దసరాకే చెబుదామని ఆయన పట్టుబడితే, కనీసం వచ్చే ఆదివారం నుంచి అంకె పెంచడం ఆపండి. "తగ్గాయిరా, రాణి బాగుంది, వచ్చాక చూద్దువు" అంటే అబద్ధం కాదు, పిడుగూ కాదు.

ఈ రాత్రికి మిషన్ ప్లగ్గు పీకి, కిటికీలు తెరిచి, డబ్బాని ఓ రెండు రోజులు హాల్లో చీకటి మూల పెట్టండి. అక్కడా మిషన్ ఉంటే దాన్నీ ఆపండి. దేవుడి అరమారలో మాత్రం వద్దు, అగరొత్తుల పొగ. వెల్లకిలా పడేవి నాలుగైదు రోజుల్లో తగ్గితే నా అనుమానం నిజమైనట్టు. తగ్గకపోతే మళ్లీ రాయండి, అప్పుడు చచ్చిన చీమనొకదాన్ని తెల్లకాగితం మీద పెట్టి, ఒంటి మీద పిన్నుతల కంటే చిన్న పురుగులేమైనా పాకుతున్నాయేమో చూసి ఆ సంగతి కూడా రాయండి.